మూడో కేక తర్వాత

ఎదురుగా కనబడుతున్న మనిషిని లేడని రాయవచ్చునా అన్న సందేహం వీరరాఘవయ్యకు పదహారేళ్ళ నుంచీ ఉంది. ఎవరినీ అడగలేదు. అడిగితే నవ్వేటంత చిన్న సందేహం అది. పైగా ఆ పదహారేళ్ళ జీతమూ దానిమీదే నడిచింది.

అతను కోర్టు బంట్రోతు. పేర్లు పిలవడం అతని పని. ఖాకీ చొక్కా మీద అడ్డంగా ఎర్ర పటకా, దానికి ఇత్తడి బిళ్ళ పెట్టుకుని, వసారా చివర నిలబడి, దావా నంబరు చెప్పి, వాదినీ ప్రతివాదినీ మూడేసిసార్లు కేక వేస్తాడు. మూడో కేకలోపల పలికినవాడు ఉన్నట్టు. పలకనివాడు లేనట్టు. ఆ తరవాత దేవుడు దిగివచ్చి చెప్పినా వాడు లేనట్టే.

నెలలో మూడు వారాలు పెద్దకోర్టులో చేసి, నాలుగో వారం క్యాంపు కోర్టుతోపాటు తిరువూరు వచ్చేవాడు. సొంత ఊరు గనక ఆ వారం ఇంటి తిండి. క్యాంపు కోర్టు అంటే ఏ రాజమహలో అనుకునేరు. ఒక షావుకారు వడ్లు నిలవచేసే గోడౌను. బస్తాలు ఒక మూలకు జరిపి, గచ్చు ఊడ్చి, బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచేసరికి అది న్యాయస్థానం అయిపోయేది. గుడ్డకున్న చిరుగులు కనబడకుండా సర్దడం కూడా వీరరాఘవయ్య పనే. చిరుగులు నాలుగు, సిరాబుడ్లు రెండు. మిగిలిన రెంటి మీద చట్టం పుస్తకాలు పెట్టేవాడు. చట్టం అంతగా ఉపయోగపడిన చోటు అతను మరొకటి చూడలేదు. ఎలకలకు మాత్రం ఆ వారం రోజులూ కోర్టని ఎవరూ చెప్పలేదు. మునసబుగారు తీర్పు చదువుతుంటే బస్తాల సందున అవి తమ పని తాము చేసుకునేవి.

డెబ్బైనాలుగో సంవత్సరంలో పత్తి తీతలప్పుడు, ఒక సోమవారం పొద్దున, వసారాలో ప్లీడరు జగన్నాథరావు తన ఉపన్యాసం చదువుతున్నాడు. బెజవాడలో వకీళ్ళ సభకు ఆయన్ను మాట్లాడమన్నారు. దేశదేశాల్లో సివిలు వ్యాజ్యాలు ఎలా నడుస్తాయన్నది విషయం. వారం రోజులుగా దొరికినవాడికల్లా దాన్ని వినిపిస్తున్నాడు. చిన్న ప్లీడర్లు వినక తప్పదు. వీరరాఘవయ్య కూజాలో నీళ్ళు నింపుతూ తనూ విన్నాడు.

"ఇంగ్లండులో జడ్జి నోరు మూసుకుని కూర్చుంటాడయ్యా. ఇద్దరు ప్లీడర్లు తన్నుకుంటే ఏ పుంజు గెలిచిందో చెబుతాడు. ఫ్రెంచివాడి కోర్టు అట్లా కాదు. మా మామగారు యానాంలో కళ్ళారా చూశారు. అక్కడ జడ్జే కాగితాలు తవ్వుకుంటాడు, జడ్జే ప్రశ్నలడుగుతాడు. సాక్షి నోటిమాట కన్నా నోటరీ రాసిన కాగితం గొప్ప. ఇక మన పక్కనే నిజాం ఇలాకా ఉండేదిగా, అక్కడ కాగితమంతా ఉర్దూ. రైతు ఏం చెప్పాడో రైతుకే తెలిసేది కాదు."

అందరూ నవ్వారు. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మన స్మృతుల్లో వ్యవహారానికి నాలుగు పాదాలు. వాది మాట, ప్రతివాది మాట, రుజువు, తీర్పు. చెప్పొచ్చేదేమంటే, ఇన్ని దేశాలవాళ్ళు ఇన్ని తిప్పలు పడినా, అందరూ ఒప్పుకున్న సూత్రం ఒక్కటే." ఇక్కడ ఒక్క క్షణం ఆగాడు. సభలో చప్పట్లు పడవలసిన చోటది. "రెండోవాడి మాట వినకుండా తీర్పు చెప్పకూడదు!"

వీరరాఘవయ్యకు ఆ మాట బాగా నచ్చింది. సహస్రనామం రోజూ చదువుకునే మనిషి. మంచిమాట ఎవరి నోట వచ్చినా లోపల దణ్ణం పెట్టుకుంటాడు.

నీళ్ళ బిందెతో మళ్ళీ గేటు దాటబోతుంటే పక్కన ఒక మనిషి లేచి నిలబడ్డాడు. యాభై దాటినవాడు, నల్లగా ఎండిన మనిషి. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. చంకలో తాటాకు పెట్టె.

"బాబూ, పెద్దలు కూకున్నారా?"

"ఇంకా లేదు. ఏ ఊరు?"

"వినగడపండీ. నా పేరు అంతోనయ్య. బసవపున్నయ్యగారు నా చేను తనదని దావా ఏశారు. ఎకరం ఇరవై సెంట్లండీ. ఇల్లు కూడా అందులోనే. మా నాయిన కొన్న కాయితం ఇందులో ఉంది." పెట్టె మీద చెయ్యి వేసి చూపించాడు.

"ప్లీడరు లేడా?"

"ఉన్నమాట చెప్పటానికి ప్లీడరెందుకండీ?"

 అలాంటివాళ్ళను వీరరాఘవయ్య చాలామందిని చూశాడు. "ఇక్కడే ఉండు, పిలుస్తాం" అని బిందె భుజాన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పదకొండు దాటాక ఆ దావా వచ్చింది. వీరరాఘవయ్య వసారా చివరికి వెళ్ళి, గొంతు సవరించుకుని, వాదిని పిలిచాడు. బసవపున్నయ్య లోపలే కూర్చుని ఉన్నాడు గనక మొదటి కేక పూర్తికాకముందే, "ఆఁ, ఉన్నా, ఉన్నా" అన్నాడు. తరవాత ప్రతివాది.

"వినగడప అంతోనయ్యా!"

గేటు దగ్గర అంతోనయ్య లేచాడు. వీరరాఘవయ్యకు కనబడుతూనే ఉంది. తలగుడ్డ విప్పి నడుముకు చుట్టుకున్నాడు. పెట్టె నేలమీద పెట్టాడు. చేతులు జోడించాడు.

"అంతోనయ్యా!"

కదల్లేదు. అటే చూస్తున్నాడు.

"అంతోనయ్యా!"

జోడించిన చేతులు అలాగే ఉన్నాయి. లోపల్నుంచి బెంచి గుమాస్తా హనుమయ్య కసిరాడు. "ఏమైందయ్యా? ఉన్నాడా, లేడా?"

"పలకలేదండి" అన్నాడు వీరరాఘవయ్య. లేడని అనలేదు. ఆ సంగతి తరవాత ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా అతనికి ఊరట కలగలేదు. హనుమయ్య కలం అప్పటికే గీసేసింది: పిలువగా ప్రతివాది హాజరు లేడు.

బసవపున్నయ్య తరఫు ప్లీడరు జగన్నాథరావే. గౌను ఎగదోసుకుని లేచాడు. రెండోవాడి మాట గురించి పొద్దున్నే గొంతు చించుకున్న పెద్దమనిషి గదా, ఏమన్నా అంటాడేమోనని వీరరాఘవయ్య చూశాడు.

"ప్రతివాది గైరుహాజరు. ఎక్స్‌పార్టీ చేసి, వాది మాట మీదే డిక్రీ ఇప్పించమని ప్రార్థన" అన్నాడు జగన్నాథరావు.

మునసబుగారు తల ఎత్తకుండానే సరేనన్నారు. బసవపున్నయ్య బోనెక్కి నాలుగు ముక్కలు చెప్పాడు. పావుగంటలో డిక్రీ అయిపోయింది. ఒక మనిషి ఇల్లూ చేనూ పోవడానికి పట్టిన ఆ పావుగంటలో, ఫాను ఆగిపోయిందని మునసబుగారు రెండుసార్లు విసుక్కున్నారు.

* * *

సాయంత్రం అయిదింటికి కోర్టు లేచింది. వీరరాఘవయ్య పచ్చగుడ్డ మడతపెట్టి, తలుపుకు తాళం వేసి గేటు దగ్గరికి వచ్చేసరికి అంతోనయ్య అక్కడే ఉన్నాడు. పొద్దుటి నుంచీ అతను అన్నం తినలేదని పెదాలు చెబుతున్నాయి.

"పెద్దలు లేచారా బాబూ? మా తగువు రేపా?"

"నీ తగువు అయిపోయిందయ్యా."

"అయిపోవటమేంటండీ, నన్నడగందే?"

"పిలిచాను గదా! మూడుసార్లు పిలిచాను."

"పిలిచారు. విన్నా. లేచి నిలబడ్డా. మీరొచ్చి తీసుకెళ్తారని చూస్తన్నా. ఈలోగా లోపల్నించి ఇంకెవరినో పిలిచారు. పెద్దలకేదో తొందర పనొచ్చిందిలే, మళ్ళీ పిలిపిస్తారులే అనుకున్నా."

వీరరాఘవయ్యకు ఒళ్ళు మండింది. "నేనొచ్చి తీసుకెళ్ళేదేంటయ్యా? కేకేస్తే రావాలని తెలియదూ?"

అంతోనయ్య అతనివంక వింతగా చూశాడు. తెలియక అడుగుతున్నాడా, పరీక్షకు అడుగుతున్నాడా అన్నట్టు.

"మా ఊళ్ళో పెద్దల ముందుకి కేకేస్తే ఎవరెళ్తారండీ? కేకకెళ్ళేది కుక్క. తగువులో ఉన్నోడు ఎడంగా కూకోవాల. మనిషొచ్చి, 'పదవయ్యా, పెద్దలు రమ్మన్నారు' అని ఎంటబెట్టుకు పోవాల. తనంతట తాను జొరబడ్డాడో, ఒళ్ళు పొగరని ముందు దానికి తప్పేస్తారు. మా అన్నకట్టాగే ఏశారు. ఇంత పెద్ద కోర్టు గదా, మా ఊరిపాటి మర్యాద కూడా ఉండదా?"

వీరరాఘవయ్య బిళ్ళ విప్పి చేత్తో పట్టుకుని ఉన్నాడు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"బస్టాండు పక్కన టీకొట్టు మీద గదిలో కృపానందం అని కుర్ర ప్లీడరు ఉంటాడు. ఇప్పుడే వెళ్ళు. ఎక్స్‌పార్టీ కొట్టేయించాలని చెప్పు. ఆ మాట మర్చిపోకు."

"అదేం మాటండీ?"

"నువ్వు ఉన్నావని చెప్పటం" అన్నాడు వీరరాఘవయ్య.

ఇంటికి వెళ్ళి స్నానం చేసి దీపం పెట్టాడు గాని శ్లోకం మధ్యలో రెండుసార్లు తప్పాడు. భార్య సీతారావమ్మ చేటలో కందిపప్పు ఏరుతూ విన్నది. ఆమెకు ఆ శ్లోకాలు కంఠతా వచ్చు.

"వెనక్కెళ్ళి మళ్ళీ చదవండి. రెండు పేర్లు మింగారు."

అతను పుస్తకం మూసి జరిగిందంతా చెప్పాడు. ఆమె పప్పు ఏరడం ఆపలేదు.

"మనిషి కనబడుతున్నాడు గదా?"

"కనబడుతున్నాడు."

"మరి లేడనెట్టా రాశారు?"

"పలకలేదు. పలకనివాడు లేనట్టే. అది రూలు."

"బాగుంది మీ రూలు! ఇన్నేళ్ళబట్టీ ఆ స్వామిని రోజూ వెయ్యి పేర్లతో పిలుస్తున్నారు. ఒక్కసారన్నా పలికాడా? రేపు ఆ హనుమయ్యగారి చేత గోడమీద రాయించండి, పిలువగా హాజరు లేడని."

"అపచారం మాట్లాడకు."

"అపచారం నాదా?" అంది సీతారావమ్మ. రాయి ఒకటి దొరికితే వాకిట్లోకి విసిరింది.

* * *

బుధవారం నాటికి కృపానందం అర్జీ వేశాడు. పాతికేళ్ళవాడు, గౌను ఎవరిదో అడిగి తెచ్చుకున్నది, భుజాల దగ్గర జారిపోతుంటుంది. ప్రతివాది ఆ రోజు కోర్టు ఆవరణలోనే ఉన్నాడనీ, కోర్టు పద్ధతి తెలియక లోపలికి రాలేదనీ, డిక్రీ రద్దుచేసి అతని మాట వినాలనీ అర్జీ. విచారణ శుక్రవారానికి పెట్టారు.

"ఉన్నాడని సాక్ష్యం ఎవరు చెబుతారు?" అన్నాడు కృపానందం, టీకొట్టు ముందు వీరరాఘవయ్య దారికి అడ్డంగా నిలబడి. "ఆ టైముకి గేటు వైపు చూస్తున్నది ఒక్క మీరే. మిమ్మల్ని సాక్షిగా రాశాను బాబాయిగారూ. వద్దంటే ఇప్పుడే చెప్పండి, కొట్టేస్తాను."

వీరరాఘవయ్య వద్దనలేదు. సరేననీ అనలేదు. టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

కబురు అతనికన్నా ముందే కోర్టు చేరింది. హనుమయ్య పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అంత ప్రేమ ఆయన ఎప్పుడూ చూపించి ఎరగడు.

"చూడు రాఘవయ్యా. నేను లేడని రాశాను. నువ్వు ఉన్నాడంటే నేను అబద్ధం రాసినట్టు. నేను అబద్ధం రాస్తే కోర్టు అబద్ధం రాసినట్టు. అంతదాకా పోతుంది. నీకింకా నాలుగేళ్ళ సర్వీసుంది. పిలిచాను, ఎవరూ పలకలేదు, అటు చూడలేదు అని చెప్పి దిగు. ఎవరి పరువూ పోదు."

"ఆ రైతు చేను పోతుందండి."

"రైతన్నాక చేను పోక, కిరీటం పోతుందా?" అన్నాడు హనుమయ్య.

వసారాలో జగన్నాథరావు ఉపన్యాసానికి మెరుగులు దిద్దుతున్నాడు. వీరరాఘవయ్య మజ్జిగ గ్లాసు ఆయన పక్కన పెట్టి అక్కడే నిలబడ్డాడు.

"అయ్యా, ఒక్క మాటండి. ఇంగ్లండులోనూ, ఆ ఫ్రెంచివాళ్ళ దగ్గరా కూడా పిలుపు మూడుసార్లేనాండి?"

జగన్నాథరావు కలం ఆపి, పిల్లి శ్లోకం చదువుతుంటే చూసినట్టు చూశాడు. "నీకెందుకయ్యా?"

"తెలుసుకుందామనండి. మనిషే వెళ్ళి వెంటబెట్టుకు వచ్చే పద్ధతి ఏ దేశంలోనన్నా ఉందేమోనని."

"ప్రతివాదిని వెంటబెట్టుకు రావడానికి వాడేమన్నా పెళ్ళికొడుకా? మేళం కూడా పెట్టించమంటావా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన ఇంకొంచెం ఉత్సాహపడ్డాడు. "ప్రపంచంలో ఎక్కడైనా కోర్టుకు గుమ్మం ఉంటుంది. గుమ్మం తలుపు తీస్తుంది, మూస్తుంది. గుమ్మం సాక్ష్యం చెప్పదు. శుక్రవారం సంగతి నాకు తెలిసింది. ఆలోచించుకో."

"చిత్తం" అన్నాడు వీరరాఘవయ్య. అన్ని దేశాల న్యాయం చదివిన ఆ మనిషి మీసానికి మజ్జిగ అంటుకుని ఉంది. చెప్పాలనిపించలేదు.

* * *

శుక్రవారం పొద్దున అర్జీ వంతు వచ్చేముందు వీరరాఘవయ్య పటకా విప్పి, బిళ్ళతో సహా అమీనా మరియదాసు చేతికి ఇచ్చాడు. నోటీసులు పంచే మరియదాసు ఎప్పుడూ పేర్లు పిలిచినవాడు కాడు. బిళ్ళ తగిలించుకుని మురిసిపోయాడు. సాక్షులు పిలిచేదాకా బయటే ఉండాలి గనక వీరరాఘవయ్య వసారా మెట్లు దిగి, ఎండలో, గోడౌను తలుపుకు ఎదురుగా నిలబడ్డాడు. ఆ చోట నిలబడి కోర్టును చూడడం అతనికి అదే మొదటిసారి. లోపలంతా చీకటిగా ఉంది. ఎవరు పెద్దో, ఎవరు గుమాస్తానో తెలియడం లేదు. తెల్లటి బస్తాలు మాత్రం బాగా కనబడుతున్నాయి.

గేటు దగ్గర అంతోనయ్య ఉన్నాడు. లోపలికి వచ్చి కూర్చోమని కృపానందం ఎంత చెప్పినా, "పిలిపిస్తే వస్తానండీ" అని అక్కడే ఉండిపోయాడు.

"వీరరాఘవయ్యా!" అని కేక పడింది.

 ఇన్నేళ్ళలో ఎన్ని వేల పేర్లు పిలిచాడో. తన పేరు ఒక్కసారీ వినలేదు. ఆ కేకకు బంధువు లేడు, ఊరు లేదు. పశువుల సంతలో దూడను పిలిచినట్టుంది.

"వీరరాఘవయ్యా!"

పలకాలా, నడవాలా? 'ఉన్నా' అనాలా, 'వస్తున్నా' అనాలా? ఏదంటే తప్పో, ఎన్ని అడుగులు వేసి ఎక్కడ ఆగాలో, ఒక్కటీ తోచలేదు. నాటకమని తరవాత చాలామంది అన్నారు. కాదు.  తనకు తెలియకుండానే అతని చేతులు జోడించుకున్నాయి.

"వీరరాఘవయ్యా!" మరియదాసు గొంతు చించుకున్నాడు. పది గజాల్లో నిలబడ్డ మనిషిని చూస్తూనే చించుకున్నాడు. అలా పిలవాలని వీరరాఘవయ్యే నేర్పాడు.

లోపల ఎవరో కిసుక్కుమన్నారు. మునసబుగారు తల ఎత్తి తలుపులోంచి బయటికి చూశారు.

"ఏమయ్యా, వినబడలేదా?"

"వినబడిందండి."

"మరి పలకవేం?"

"పలకాలో, రావాలో తెలియలేదండి" అన్నాడు వీరరాఘవయ్య. "ఎవరన్నా చెబుతారేమోనని నిలబడ్డానండి."

మునసబుగారు ఇంకేదో అనబోయి, పక్కనే హనుమయ్య రాస్తున్న కాగితం తీసుకున్నారు. హనుమయ్య అడ్డుకోబోయి, చెయ్యి సగం చాచి ఆగిపోయాడు. పాతికేళ్ళ అలవాటు ఆయనది. మూడో కేక వినబడగానే కలం తనంతట తాను గీసేస్తుంది. కాగితం మీద సిరా ఇంకా ఆరలేదు. పిలువగా సాక్షి హాజరు లేడు.

మునసబుగారు ఆ వాక్యం చదివారు. తలుపు బయట నిలబడ్డ బంట్రోతును చూశారు. మళ్ళీ వాక్యం చదివారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"రా లోపలికి" అన్నారు. గొంతు మారింది.

వీరరాఘవయ్య బోనెక్కి ప్రమాణం చేశాడు. కృపానందం గౌను ఎగలాక్కుంటూ రెండే ప్రశ్నలు అడిగాడు.

"సోమవారం మీరు పిలిచినప్పుడు ప్రతివాది ఎక్కడున్నాడు?"

"గేటు దగ్గరండి. మొదటి కేకకే లేచాడండి. చేతులు జోడించి నిలబడ్డాడండి."

"లేడని మీరు చెప్పారా?"

"పలకలేదని చెప్పానండి. ఉన్నాడని చెప్పలేదండి. అది నా తప్పండి."

జగన్నాథరావు లేచాడు. "అంటే ఇన్నేళ్ళుగా ఇలాగే తప్పు చెబుతున్నావన్నమాట! ఎంతమందిని ఇలా లేకుండా చేశావు?" ఆ ప్రశ్నతో సాక్షి అక్కడికక్కడ కూలిపోతాడని ఆయన అంచనా.

 వీరరాఘవయ్య నిజంగానే వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

"గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు నాకు గుర్తున్నంతలో పదకొండుమందండి" అన్నాడు. "గుర్తులేనివాళ్ళ సంగతి తెలియదండి."

 ఇంగ్లండూ ఫ్రాన్సూ స్మృతులూ ఏవీ ఆ క్షణాన జగన్నాథరావును ఆదుకోలేదు. ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు.

అర్జీ మంజూరయింది. మునసబుగారు డిక్రీ రద్దుచేసి, సోమవారం నాటి వాక్యాన్నీ ఆ రోజు వాక్యాన్నీ తన చేత్తోనే కొట్టేసి పక్కన సంతకం పెట్టారు. "ప్రతివాది వచ్చాడా? అయితే దావా ఇప్పుడే పిలవండి. కాగితాలు చూస్తాను" అన్నారు. బసవపున్నయ్య తన ప్లీడరు వంక చూశాడు. ప్లీడరు తన పుస్తకం వంక చూశాడు.

వీరరాఘవయ్య బోను దిగి మరియదాసు దగ్గర పటకా తీసుకుని తగిలించుకుంటుంటే హనుమయ్య పళ్ళ సందునుంచి, "మెమో టైపవుతుంది, సిద్ధంగా ఉండు" అన్నాడు.

"మంచిదండి" అన్నాడు వీరరాఘవయ్య. మెమో వస్తుంది. నాలుగేళ్ళ సర్వీసులో ఏ మూలకు బదిలీ చేస్తారో తెలియదు. సీతారావమ్మకు ఇవాళే చెప్పాలి. ఆమె ఏమంటుందో ఊహించుకుంటే మాత్రం భయం వెయ్యలేదు.

వసారా చివరికి వచ్చి, అలవాటుగా గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. గేటు దగ్గర అంతోనయ్య అప్పటికే లేచాడు. తలగుడ్డ విప్పుతున్నాడు.

వీరరాఘవయ్య నోరు మూసుకుని మెట్లు దిగాడు.

"ఏం రాఘవయ్యా, సన్నాయి ఏదీ?" అని వసారాలోంచి ఎవరో అరిచారు. నవ్వులు వినబడ్డాయి. అతను తిరిగి చూడలేదు. మెట్ల నుంచి గేటుకు ముప్పై రెండు అడుగులు. ఆ పదకొండుమందికి ఒక్కొక్కరికీ అతను బాకీ ఉన్నది ఇంతే. వాళ్ళకు ఇక ఇవ్వలేడు. చేతికందినవాడికి ఇస్తున్నాడు.

ఎదురుగా ఆగి, అంతోనయ్య కాళ్ళ దగ్గరున్న తాటాకు పెట్టె తీసి అతని చేతికి ఇచ్చాడు.

"పదవయ్యా" అన్నాడు. "అయ్యగారు రమ్మన్నారు."